గాలిమరల వార్తల్లో మెగావాట్ల పక్కన యూనిట్లు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

విద్యుత్ సంస్థలో ఇంజినీరుగా పనిచేసి, ఉద్యోగం చివరి ఏళ్లను హైదరాబాద్‌లో లోడ్ డిస్పాచ్ విధుల్లో, అంటే ఏ వేళకు ఏ కేంద్రం ఎంత విద్యుత్తు ఇవ్వాలో చూసే పనిలో గడిపి, పదవీ విరమణ చేసిన పాఠకుణ్ని నేను. పవన విద్యుత్తు మీద తెలుగు పత్రికల్లో వచ్చే వార్తలను ఏళ్ల తరబడి శ్రద్ధగా చదువుతున్నాను. వాటిలో రెండు రకాలు తరచూ కనిపిస్తాయి. ఫలానా చోట ఇన్ని వందల మెగావాట్ల గాలిమరలు వస్తున్నాయని, వాటితో ఇన్ని లక్షల ఇళ్లకు కరెంటు అందుతుందని ఒక రకం వార్త చెబుతుంది. ఆ గాలిమరలు తమ సామర్థ్యంలో ఐదో వంతుకు మించి పనిచేయడం లేదని, పెట్టుబడి అంతా వృథా అవుతోందని మరో రకం వార్త చెబుతుంది. మొదటిది చదివినవారు లేనిపోని ఆశ పెట్టుకుంటారు. రెండోది చదివినవారు కళ్లెదుట ఉన్న మేలును కూడా కాదనుకుంటారు. రెండు పొరపాట్లకూ మూలం ఒకే అంకెను తప్పుగా చదవడం కాబట్టి, దాని గురించి కొంచెం వివరంగా రాయడానికి మీ పత్రికలో చోటు కోరుతున్నాను.

ఆ అంకె మెగావాట్. గాలి పుష్కలంగా ఉన్న వేళ యంత్రం గరిష్ఠంగా ఎంత శక్తి ఇవ్వగలదో అది చెబుతుంది. ఏడాది తిరిగేసరికి ఎంత విద్యుత్తు చేతికి వచ్చిందో చెప్పేది యూనిట్లు. మన ఇంటి మీటరు తిరిగేదీ, మనం బిల్లు కట్టేదీ వాటి లెక్కనే. మెగావాట్ యంత్రం పూర్తి శక్తితో గంటసేపు నడిస్తే వెయ్యి యూనిట్లు వస్తాయి కాబట్టి, అది ఏడాదిలోని 8,760 గంటలూ అలాగే నడిస్తే 87 లక్షల 60 వేల యూనిట్లు రావాలి. నిజంగా వచ్చినవి అందులో ఎంత శాతమో చెప్పేదే సామర్థ్య వినియోగ శాతం. మా వాడుకలో దాన్ని సీయూఎఫ్ అంటాం. 2023-24లో దేశంలోని గాలిమరలన్నీ కలిసి సుమారు 8,300 కోట్ల యూనిట్లు ఉత్పత్తి చేశాయి. ఆ ఆర్థిక సంవత్సరం మొదట్లో వాటి స్థాపిత సామర్థ్యం 42,600 మెగావాట్లు, చివర్లో దాదాపు 45,900 మెగావాట్లు. సగటు తీసుకుని లెక్క కడితే వినియోగ శాతం 21కి కాస్త పైన తేలుతుంది. అంటే ఒక మెగావాట్ గాలిమర ఏడాదికి సగటున 18 నుంచి 19 లక్షల యూనిట్లు ఇచ్చిందన్నమాట.

ఇప్పుడు ఇళ్ల లెక్క చూద్దాం. నెలకు 150 యూనిట్లు వాడే కుటుంబానికి ఏడాదికి 1,800 యూనిట్లు కావాలి. వంద మెగావాట్ల కేంద్రం ఎప్పుడూ పూర్తి శక్తితో తిరుగుతుందనుకుంటే 4 లక్షల 86 వేల ఇళ్లకు సరిపోతుందని రాయవచ్చు. దేశ సగటు వినియోగ శాతంతో లెక్కిస్తే ఆ సంఖ్య లక్షకు కాస్త పైన ఆగిపోతుంది. ఆ లక్ష ఇళ్లకైనా పన్నెండు నెలలూ ఒకే తీరుగా కరెంటు రాదు. జులైలో అవసరానికి మించి వస్తుంది, నవంబరులో చాలీచాలకుండా వస్తుంది. ప్రారంభోత్సవ వార్తల్లో ఈ వివరం ఒక్కసారైనా కనిపిస్తే బాగుండునని నా కోరిక.

రెండో రకం వార్తలోని పొరపాటుకు మన భాషలోనే ఒక కారణం ఉంది. యంత్రం ఎంత పెద్దదో చెప్పడానికీ, అది తనకు అందిన శక్తిని ఎంత పొదుపుగా వాడుకుంటుందో చెప్పడానికీ మనం ‘సామర్థ్యం’ అన్న ఒకే మాటను వాడుతున్నాం. అందువల్ల ‘21 శాతం సామర్థ్యంతోనే నడుస్తున్నాయి’ అని చదవగానే మిగిలిన 79 పాళ్లు ఎక్కడో కారిపోతున్నట్టు పాఠకుడికి తోస్తుంది. అక్కడ కారిపోతున్నది ఏమీ లేదు. ఆ గంటల్లో గాలి అంతే ఉంది, యంత్రం ఉన్న గాలికి తగినంత ఇచ్చింది. మొదటి అర్థానికి స్థాపిత సామర్థ్యమనీ, రెండో అర్థానికి దక్షత అనీ వేరువేరు మాటలు వాడితే సగం గందరగోళం అక్కడే తొలగిపోతుంది.

దక్షత లెక్క పూర్తిగా వేరు. రెక్కల గుండా పోయే గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి ఏ యంత్రమూ తీసుకోలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ శతాబ్దం కిందటే నిరూపించారు. శక్తినంతా లాగేసుకుంటే రెక్కల వెనుక గాలి కదలకుండా నిలిచిపోతుంది, వెనక వచ్చే గాలికి దారి ఉండదు. ఈ హద్దుకు లోబడి నేటి మంచి యంత్రాలు తమకు అనుకూలమైన గాలిలో 40 శాతానికి పైగా శక్తిని విద్యుత్తుగా మారుస్తున్నాయి. బొగ్గును మండించి మన థర్మల్ కేంద్రాలు సాధిస్తున్న దక్షతకు ఇది ఏమీ తీసిపోదు. పైగా ఆ థర్మల్ కేంద్రాల వినియోగ శాతం కూడా 2023-24లో దేశ సగటున 69 దగ్గరే ఉంది. శ్రీశైలం కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. కృష్ణకు వరద వచ్చిన నెలల్లో అవి పరుగులు తీస్తాయి, నీళ్లు లేని నెలల్లో ఊరుకుంటాయి. అంతమాత్రాన శ్రీశైలం కేంద్రం దండగని మనలో ఎవరూ అనరు, ఎందుకంటే నీటి రాకడ ఎలా ఉంటుందో తెలుగువారికి తరతరాలుగా తెలుసు. గాలి రాకడ గురించి ఆ ఎరుక మనకింకా ఏర్పడలేదు.

ఈ సందర్భంలో కంటికి కనిపించేదాన్ని నమ్మడంలో ఉన్న చిక్కు కూడా చెప్పాలి. హైదరాబాద్ నుంచి బెంగళూరు రహదారి మీద వెళ్లేవారూ, తిరుమల కొండకు వెళ్లేవారూ గాలిమరలను చూసే ఉంటారు. సంక్రాంతి సెలవుల్లో వెళితే చాలా యంత్రాలు నిలిచి కనిపిస్తాయి, ఇవెప్పుడూ తిరగవనే అభిప్రాయం అక్కడే స్థిరపడుతుంది. ఆషాఢంలో అదే దారిన వెళ్లినవారికి కూడా రెక్కలు మెల్లగా తిరుగుతున్నట్టే అనిపిస్తుంది. 120 మీటర్ల వ్యాసం గల రెక్కల చక్రం నిమిషానికి 12 చుట్లు తిరిగితే రెక్క కొస గంటకు 270 కిలోమీటర్ల వేగంతో పోతోందని దూరం నుంచి చూసే కంటికి తెలియదు.

గాలికి ఉన్న అసలు గుణం ఏమిటంటే, దానిలోని శక్తి వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి 6 మీటర్లయితే వేగం పెరిగింది 20 శాతమే గాని శక్తి 73 శాతం పెరుగుతుంది; 10 మీటర్లయితే ఎనిమిది రెట్లవుతుంది. యంత్రం 3, 4 మీటర్ల వేగం దగ్గర ఉత్పత్తి మొదలుపెట్టి, 11 నుంచి 13 మీటర్ల మధ్య తన పూర్తి శక్తికి చేరుకుని, 25 మీటర్ల దగ్గర తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అందుచేత ఏడాది సగటు వేగం చెప్పి ఊరుకుంటే ఏమీ తెలియదు. ఏడాది పొడవునా 6 మీటర్ల గాలి వీచే చోటు కన్నా, ఆరు నెలలు 4, మరో ఆరు నెలలు 8 మీటర్లు వీచే చోట గాలిలోని శక్తి మూడో వంతు ఎక్కువ; సగటు వేగం మాత్రం రెండు చోట్లా ఒకటే. మన నేల రెండో రకానిది. నైరుతి రుతుపవనాలు వచ్చాక, మృగశిర కార్తె మొదలు మఖ కార్తె దాటేదాకా వీచే గాలే గాలిమరలకు పంటకాలం; ఏడాది మొత్తం ఉత్పత్తిలో సగానికి మించిన భాగం మే నుంచి సెప్టెంబరు లోపే వచ్చేస్తుంది. ఆ రోజుల్లో గేర్‌బాక్స్ పాడై వారం రోజులు నిలిచిపోయిన యంత్రం పోగొట్టుకున్న యూనిట్లను మార్గశిరంలో నెల రోజులు తిరిగినా పూడ్చుకోవడం కష్టం. కాబట్టి ఏడాదిలో 95 శాతం రోజులు యంత్రాలు సిద్ధంగా ఉన్నాయన్న మాట ఒక్కటే చాలదు. మిగిలిన 5 శాతం ఏ నెలలో పడిందన్నది అడగాలి. నిర్వహణ తెలిసినవారు మరమ్మతులన్నీ ఎండాకాలంలోనే ముగించుకుంటారు.

వేడి గాలి సంగతి కూడా చాలామంది మరచిపోతారు. కంపెనీలు ప్రకటించే ఉత్పత్తి పట్టికలు సాధారణంగా 15 డిగ్రీల చల్లదనంలో, సముద్రమట్టంలో ఉండే గాలి సాంద్రతకు గీసినవి. ఆరు వందల మీటర్ల ఎత్తున్న గుట్ట మీద, 35 డిగ్రీల వేడిలో గాలి దానికన్నా 13 శాతం పలచగా ఉంటుంది. పూర్తి శక్తికి చేరని వేగాల్లో ఉత్పత్తి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ముందు వరుస యంత్రాల నీడలో పడిన వెనక వరుస యంత్రాల నష్టం దీనికి అదనం. ఒకదాని గాలిని మరొకటి తినకుండా రెక్కల వ్యాసానికి ఐదు నుంచి ఏడు రెట్ల దూరం పాటించాలన్నది పాత సూత్రం. భూమి దొరకలేదని దాన్ని సడలించుకున్న ప్రతిచోటా ఏటా యూనిట్ల రూపంలో ఆ మూల్యం చెల్లించవలసిందే.

1990ల్లో ఉద్యోగరీత్యా అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద తొలితరం గాలిమరలను చూశాను. రెండు వందల యాభై కిలోవాట్లకు అటూ ఇటూ ఉండే చిన్న యంత్రాలవి, టవరు ఎత్తు 30 మీటర్లకు అటూ ఇటూ. ఆ రోజుల్లో గాలిమర కొన్న సంస్థకు మొదటి ఏడాదే 100 శాతం తరుగుదల, అంటే యంత్రం ఖరీదు మొత్తాన్నీ ఖర్చుగా చూపించి ఆదాయపు పన్ను తగ్గించుకునే వీలు ఉండేది. పన్ను మినహాయింపు యంత్రం నిలబెట్టినందుకు దక్కేది, తిరిగినందుకు కాదు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా టవరు లేవాలన్న తొందర ఉండేది గాని, ఆ చోట ఏడాది పాటు గాలిని కొలవాలన్న ఓపిక చాలామందికి ఉండేది కాదు. పవన విద్యుత్తుకు మన దేశంలో అంటుకున్న చెడ్డపేరులో పెద్దపాలు ఆ విధానానిదేనని నా గట్టి అభిప్రాయం. 2009 చివర్లో కేంద్రం గ్రిడ్‌కు ఇచ్చిన ప్రతి యూనిట్‌కు 50 పైసల ప్రోత్సాహకం ప్రకటించినప్పుడు సరైన ప్రశ్నకు డబ్బు ముడిపడింది. 2017లో, తక్కువ ధరకు విద్యుత్తు ఇస్తామన్నవారికే అవకాశమిచ్చే వేలంపాటలు వచ్చాక ఆ పద్ధతి మరింత స్థిరపడింది: ఆ ఫిబ్రవరిలో యూనిట్ ధర 3 రూపాయల 46 పైసలకు దిగింది, గాలి అంచనా తప్పితే నష్టం పెట్టుబడిదారుడిదే అయింది.

రామగిరి నాటికీ నేటికీ యంత్రాల్లో వచ్చిన మార్పును మన వార్తలు పట్టించుకోవడం లేదు. రెక్కల చక్రం వ్యాసం 30 మీటర్ల నుంచి 140 మీటర్లకు పెరిగితే అది ఒడిసిపట్టే గాలి వైశాల్యం దాదాపు 22 రెట్లవుతుంది. టవరు 30 మీటర్ల నుంచి 120 మీటర్లకు లేస్తే, చదును నేలల మీద వాడే సాధారణ సూత్రం ప్రకారం గాలి వేగం 22 శాతం, అందులోని శక్తి 80 శాతం పెరుగుతాయి. ఎత్తు మహిమ తెలంగాణ విషయంలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ అంచనాల్లో, 100 మీటర్ల ఎత్తున మన రాష్ట్రానికి ఉన్న అవకాశం 4,200 మెగావాట్లే. 120 మీటర్ల ఎత్తున అది ఏకంగా 24,800 మెగావాట్లకు చేరింది. తగినంత వినియోగ శాతం రాగల నేలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, ఎత్తు ఇరవై మీటర్లు పెరగగానే నిన్నటిదాకా పనికిరాదనుకున్న నేల పనికొచ్చేదైంది. అయినా ఏళ్ల తరబడి రాష్ట్రంలో ఉన్నవి 128 మెగావాట్ల గాలిమరలే, వాటిలో అధిక భాగం వికారాబాద్ జిల్లా పరిగి వైపున్నవి.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రెక్కలు పెద్దవి చేసి జనరేటరును చిన్నదిగా ఉంచితే వినియోగ శాతం దానంతటదే పెరుగుతుంది, మొత్తం యూనిట్లు మాత్రం ఆ నిష్పత్తిలో పెరగవు. కొత్త యంత్రాలు 30 శాతం దాటుతున్నాయంటే అందులో కొంత భాగం ఈ కొలతల మార్పు వల్ల వచ్చిందే. అందువల్ల సీయూఎఫ్ ఒక్కదాన్నే పట్టుకుని మంచి చెడు తేల్చకూడదు. ఎన్ని యూనిట్లు, ఎంత ఖర్చుకు, ఏ నెలలో అన్నవి కలిపి చూడాలి.

ఏ నెలలో అన్న ప్రశ్న తెలంగాణకు అన్నిటికన్నా ముఖ్యం. మన గ్రిడ్ మీద అత్యధిక భారం పడేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, యాసంగి వరికి లక్షలాది బోర్లు నడిచే రోజుల్లో. అప్పుడు గాలి చాలా తక్కువ. గాలి ఉప్పొంగే జులై, ఆగస్టుల్లో వానలు పడి బోర్ల భారం తగ్గుతుంది, పైనుంచి వరద వస్తే జలవిద్యుత్తు కూడా అప్పుడే పోటెత్తుతుంది. నేను షిఫ్టులో ఉన్న ఎన్నో శ్రావణ రాత్రులు, నిండు గాలిలో వచ్చే విద్యుత్తుకు చోటు చేయడానికి థర్మల్ యంత్రాల ఉత్పత్తిని దించగలిగినంత దించి, విద్యుత్తు రాకకూ వాడకానికీ తూకం సరిపోయిందో లేదో చెప్పే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ మీద తెల్లవారేదాకా కన్ను వేసి కూర్చున్నాం. అదే బల్ల ముందు మార్చి మధ్యాహ్నాల్లో ఒక్కో మెగావాట్ కోసం ఫోన్లు చేశాం. శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్‌లలో నీటిని తిరిగి పైకి తోడగల రివర్సిబుల్ యంత్రాలూ, అదే పద్ధతిలో పనిచేసే నంద్యాల జిల్లా పిన్నాపురంలోని 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రమూ రాత్రి గాలిని మరునాటి అవసరానికి నిలవ చేయగలవు. శ్రావణపు గాలిని ఫాల్గుణానికి దాచగల ఏర్పాటు మాత్రం లేదు. ఫాల్గుణంలో మనల్ని ఆదుకునేది మధ్యాహ్నపు సౌర విద్యుత్తు. రుతుపవనాల నెలల్లో మబ్బు పట్టి సౌర విద్యుత్తు తగ్గినప్పుడు, సాయంత్రం దీపాలు వెలిగే వేళకు సాధారణంగా బలపడే గాలి ఆదుకుంటుంది. ఈ రెండింటినీ జతగా చూసి ప్రణాళిక వేస్తేనే గాలిమరకు న్యాయం జరుగుతుంది.

తక్కువ వినియోగ శాతానికి ప్రతిసారీ గాలీ యంత్రమే కారణం కాదని కూడా పాఠకులకు తెలియాలి. పవన విద్యుత్తును తప్పనిసరిగా తీసుకోవాలని నిబంధన ఉంది. అయినా లైన్లు చాలకో, గ్రిడ్ భద్రత కోసమో ఉత్పత్తి తగ్గించమని కేంద్రాలకు ఆదేశాలు వెళ్లే రోజులుంటాయి. అలా వదులుకున్న యూనిట్లు ఏడాది చివర లెక్కలో గాలిమర ఖాతాలోనే లోటుగా కనిపిస్తాయి. బలమైన గాలి వీచే గుట్టలను ఆక్రమించుకుని ఉన్న పాత చిన్న యంత్రాల సంగతి వేరే కథ. వాటి స్థానంలో పెద్దవి పెట్టడానికి 2016లో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి జాతీయ విధానం వచ్చింది. దేశంలో అలా మార్చదగినవి 25,000 మెగావాట్లకు పైగా ఉంటాయని అంచనా కూడా ఉంది. ఒక్కో గుట్టకు పదిమంది యజమానులు, పాత ఒప్పందాలు, సన్నటి లైన్లు ఉండటంతో ఆ పని నత్తనడక నడుస్తోంది.

ఆంధ్రప్రదేశ్ 2024 అక్టోబరులో ప్రకటించిన విధానంలో పవన విద్యుత్తు లక్ష్యం 35,000 మెగావాట్లు. తెలంగాణ కూడా 2025 జనవరిలో ప్రకటించిన విధానంలో హరిత విద్యుత్ లక్ష్యాన్ని మెగావాట్లలోనే చెప్పింది. ఆ 35,000 మెగావాట్లు 22 శాతం వినియోగంతో నడవడానికీ, 30 శాతంతో నడవడానికీ మధ్య తేడా ఏడాదికి దాదాపు 2,450 కోట్ల యూనిట్లు. 800 మెగావాట్ల థర్మల్ యంత్రాలు ఐదింటిని 70 శాతం వినియోగంతో ఏడాదంతా నడిపితే వచ్చే విద్యుత్తు అది. అంత పెద్ద తేడా మెగావాట్ అంకెలో ఎక్కడా కనబడదు. లక్ష్యం నెరవేరిందని పండుగ చేసుకున్న రోజున కూడా అది కనబడదు.

కాబట్టి మీ పత్రికకు నా విన్నపం ఇది. కొత్త పవన విద్యుత్ కేంద్రం వార్త రాసినప్పుడు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఆశిస్తున్నారో, అందులో ఎంత భాగం యాసంగి నెలల్లో వస్తుందో సంబంధిత అధికారులను అడిగి రాయండి. రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి, వచ్చినవెన్నో కనుక్కుని ఆ అంకె కూడా రాయండి. వానాకాలం మొదలవగానే మీరు శ్రీశైలం, నాగార్జునసాగర్ నీటిమట్టాలు రోజూ ఒక చిన్న పెట్టెలో ప్రచురిస్తారు. ఆ పెట్టె కింద రెండు తెలుగు రాష్ట్రాల్లో క్రితం రోజు గాలి నుంచి వచ్చిన యూనిట్లకు మరో రెండు వరుసలు కేటాయించండి. రాష్ట్రాలవారీ పునరుత్పాదక విద్యుత్ ఉత్పత్తి లెక్కలను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రచురిస్తూనే ఉంది. ఏ పట్టికలో ఏ గడిని చూడాలో మీ విలేకరులకు చూపించమంటే ఏ రోజైనా మీ కార్యాలయానికి రావడానికి నేను సిద్ధం.

భవదీయుడు,
ఒక విశ్రాంత విద్యుత్ ఇంజినీరు,
హైదరాబాద్